ఆయన ఒంట్లో ఆ పిల్ల నెత్తురు

నాది కుళ్ళుమోతు స్వభావం. ఈ సంగతి ముందే ఒప్పుకుంటే నాకూ సుఖం, చదివేవాళ్ళకూ సుఖం. చిన్నప్పుడు మా బాపు మగ్గం దగ్గర కూచుని మా చెల్లెను ముద్దుగా పిలిస్తే నేను కండెల బుట్ట కాలితో తన్నేదాన్ని. పక్కింటామె చీర అంచు నా చీర అంచుకన్నా వెడల్పుగా ఉంటే ఆ పూట నాకు అన్నం సయించేది కాదు. పెండ్లయితే ఈ గుణం తగ్గుతుందని మా అవ్వ ఆశపడింది. తగ్గకపోగా అంతా ఒక్క మనిషి చుట్టే చేరింది. మా ఆయనతో ఏ ఆడమనిషి రెండు మాటలు మాట్లాడినా మూడో మాట ఏమిటా అని నేను చెవులు రిక్కించేదాన్ని.

మాది సిరిసిల్ల దిక్కు నేత కుటుంబం. మా ఆయనదీ అదే. మగ్గం మీద పొట్ట గడవక ఆయన మంచిర్యాల పక్కన నస్పూర్ దగ్గర బొగ్గు బాయిలో పనికి కుదిరాడు. నేను చెప్పే సంగతి చైనా లడాయి జరిగిన మరుసటేడుది. అప్పటికి నాకు ఇరవై రెండేండ్లు. పెండ్లయి ఐదేండ్లయింది. పిల్లలు లేరు.

మా వాడకట్టుకు దగ్గరలో ఒక డేరా టాకీసు ఉండేది. నేల మీద గోనెసంచి పరుచుకుని కూచునేవాళ్ళం. నెత్తురు గురించి మాకు తెలిసినదంతా ఆ డేరాలో నేర్చుకున్నదే. తెర మీద నెత్తురు నల్లగా కనపడేది, అయినా ఆడవాళ్ళం కొంగులు నోటికి అడ్డం పెట్టుకునేవాళ్ళం. సినిమాల్లో నెత్తురుకు రెండే రెండు పనులు. హీరో బొటనవేలు కోసుకుని హీరోయిన్ నుదుట బొట్టు పెడితే పెండ్లి అయిపోయినట్టు, తాళి లేకున్నా సరే. లేదంటే దవాఖానలో ఇద్దరిని పక్కపక్క మంచాల మీద పండబెట్టి ఒకరి నెత్తురు ఇంకొకరికి ఎక్కించేవాళ్ళు. అట్లా ఎక్కించారంటే వాళ్ళు ఎప్పుడో జాతరలో తప్పిపోయిన అన్నాచెల్లెళ్ళేనని మాకు ముందే తెలిసిపోయేది. నుదుటికి పెడితే ఆలుమగలు, చేతికి ఎక్కిస్తే తోబుట్టువులు. ఈ విషయంలో మా వాడకట్టులో ఎవరికీ అనుమానం లేదు.

తెర మీద నడిచేవి చాలక తెర వెనక ముచ్చట్లు కూడా మేం నీళ్ళు పట్టుకునే నల్లా దగ్గరికి వచ్చేవి. మద్రాసులో ఒక సినిమా ఆమెకు ఎవడో నెత్తురుతో ఉత్తరం రాశాడట, ఆమె దాన్ని దిండు కింద దాచుకుందట, మొగుడు చూసి ఇల్లు విడిచి పోయాడట. అందరూ ఆ ఉత్తరం రాసినవాడి ప్రేమ గురించి మాట్లాడుకునేవాళ్ళు. నాకు మాత్రం ఆ మొగుడి బాధ బాగా అర్థమైంది. వేరే మనిషి నెత్తురు తన ఇంట్లో, తన మంచం మీద ఉందంటే ఎవరు తట్టుకుంటారు?

వైశాఖంలో ఒకరోజు పొద్దుటి షిఫ్టులో పైనున్న బొగ్గు ఊడి మా ఆయన తొడ మీద పడింది. ఎముక విరిగింది, కండ చీలిపోయింది. నేను దవాఖానకు ఉరికేసరికి ఆయన కండ్లు మూసుకుని ఉన్నాడు, పెదవులు పాలిపోయి ఉన్నాయి. డాక్టరు ఒక్కటే మాట అన్నాడు. నెత్తురు ఎక్కించాలి, ఇంటివాళ్ళెవరైనా రండి అని.

ఆ వారం మా అత్త ఊరి నుంచి వచ్చి మా ఇంట్లో ఉంది. వెంట తన అన్న బిడ్డను కూడా తెచ్చింది. మా ఆయనకు ఆ పిల్ల మేనమామ కూతురు, వరసైన మరదలు. పద్దెనిమిదేండ్ల పిల్ల, ఏడో తరగతి దాకా చదివింది. అసలు మా అత్త ఈ పిల్లనే కోడలిగా చేసుకోవాలనుకుందట. అప్పటికి పిల్ల మరీ చిన్నది. అది పెద్దదయ్యేదాకా ఆగలేక తెచ్చుకున్న కోడలిని నేను. ఆ పిల్ల నన్ను 'అక్కా' అని పిలిచేది. ఆ పిలుపు వింటే నాకు చెవిలో ఉడుకునీళ్ళు పోసినట్టు ఉండేది.

కేరళ నుంచి వచ్చిన ఒక నర్సమ్మ మా అందరి వేళ్ళ మీద సూదితో పొడిచింది. గాజు పలక మీద ఆయన నెత్తురు చుక్క, పక్కన నా చుక్క వేసి కలిపి అటూ ఇటూ వంచింది. విరిగిన పాలలాగ పలుకులు పలుకులైంది. "నీది కలవలేదమ్మా" అంది. ఐదేండ్లు ఒకే కంచంలో తిన్న మనిషి నెత్తురుతో నా నెత్తురు కలవలేదట. అక్కడికి నేనేదో తప్పు చేసినట్టు కొంగు కప్పుకుని పక్కకు జరిగాను.

మా అత్త చెయ్యి చాపితే డాక్టరు ఆమె కనురెప్ప కిందికి లాగి చూసి, "అవ్వా, నీకే లేదు" అని పంపేశాడు. ఆయనను బాయి నుంచి మోసుకొచ్చినవాళ్ళు నలుగురు. నెత్తురు మాట వినగానే అందులో ఇద్దరు బీడీ తాగొస్తామని బయటికి పోయి మళ్ళీ రాలేదు. మిగిలిన ఇద్దరివీ కలవలేదు. అప్పుడు ఆ పిల్ల గాజులు పైకి నెట్టుకుని, "జర నాది సూడుండ్రి" అంది. ఒక్క చుక్క వేశారు. పలక మీద ఆ ఎరుపు నున్నగా అట్లాగే ఉండిపోయింది.

ఆమెను పక్క మంచం మీద పండబెట్టారు. సీసా నిండుతుంటే నేను గోడకు ఆనుకుని మొక్కుకున్నాను. నిజం చెప్పాలంటే రెండు మొక్కులు మొక్కాను. ఆయన బతకాలని ఒకటి. ఈ లోపల ఇంకెవరిదైనా కలిసే నెత్తురు దొరకాలని ఇంకొకటి. మొదటిది తీరింది.

ఆయనను ఇంటికి తెచ్చాక కూడా మా అత్త ఊరికి పోలేదు, ఆ పిల్లను పోనివ్వలేదు. పరామర్శకు వచ్చిన ప్రతి మనిషికీ గడపలోనే చెప్పేది. "ఐదేండ్లు కాపురం జేసినదానిది కలువలే. నా అన్న బిడ్డది సుక్క ఏసుడుతోనే కలిసింది. ఇగ దేవుడు ఇంకెట్ల జెప్పాలె?" వచ్చినవాళ్ళు అవునవును అని తలకాయలు ఊపి, చాయ్ తాగి, నా దిక్కు జాలిగా చూసి పోయేవాళ్ళు. ఆ జాలి చూపులకు నా ఒళ్ళు మండిపోయేది.

నెత్తురిచ్చిన పిల్లకు బలం కావాలని మా అత్త మేక కార్జం తెప్పించేది. వండాల్సింది నేనే. ఒకరోజు కావాలని రెండింతలు ఉప్పు వేశాను. ఆ పిల్ల ఒక్క ముక్క వదలకుండా తిని, రెండు చెంబుల నీళ్ళు తాగి, "మంచిగుందక్కా" అంది. తిట్టినా నాకు ఇంత కోపం వచ్చేది కాదు.

మా ఆయన చెంపలకు మెల్లగా రంగు వస్తోంది. అందరూ సంతోషపడుతున్నారు. నాకు మాత్రం ఆ ఎరుపు చూస్తే ఆమెదే కదా అనిపించేది. ఆయన నవ్వితే మొఖం ఎర్రబడేది, అదీ ఆమెదే. కోపం వస్తే నుదుటి మీద నరం ఉబ్బేది, అందులో ఉన్నదీ ఆమెదే. ఆయన చెయ్యి నా చేతిలోకి తీసుకుంటే మణికట్టు దగ్గర కొట్టుకునే నాడి నా వేలికి తగిలేది, నేను టక్కున చెయ్యి వదిలేసేదాన్ని. ఆయనకు ఇదంతా తెలియదు. నొప్పి పుట్టిందేమోనని వదిలేశాననుకునేవాడు.

కట్టు మార్పించడానికి దవాఖానకు పోయిన రోజు నర్సమ్మను పక్కకు పిలిచి అడిగాను. ఎక్కించిన నెత్తురు ఒంట్లో ఎన్నాళ్ళుంటుందని. ఆమె తన వచ్చీరాని తెలుగులో ఓపికగా చెప్పింది. "ఎవరి రక్తమైనా నాలుగు నెలలే అమ్మా. ఎముక లోపల మూలుగలో కొత్తది అవుతా ఉంటుంది, పాతది పోతా ఉంటుంది. ఇప్పుడు నీ ఒంట్లో ఉన్నది దీపావళి నాటిది కాదు."

ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచివచ్చింది. నాలుగు నెలలు! భాద్రపదం వచ్చేసరికి ఆయన ఒంట్లో ఆ పిల్లది ఒక్క చుక్క మిగలదు. ఇక ఆ పాతదాన్ని తొందరగా సాగనంపి కొత్తది నింపే పని నేను నెత్తిన వేసుకున్నాను. మూలుగ బొక్కలు తెప్పించి పులుసు కాచాను. నువ్వులు దంచి బెల్లం కలిపి ముద్దలు చేశాను. పొద్దున తోటకూర, మాపున తోటకూర. అన్నీ నా చేత్తో వండి, నా చేత్తో తినిపిస్తే ఆ పుట్టే నెత్తురు నాది కాక ఎవరిదవుతుంది? మా ఆయన నువ్వుల ముద్ద నముల్తూ, "గింత ప్రేమ ఎన్నడు సూడలే" అని నవ్వాడు. నేను ఇంకొక ముద్ద నోట్లో పెట్టాను.

ఆషాఢంలో ఒకనాడు మా అత్త నన్ను కూచోబెట్టి అసలు మాట బయటపెట్టింది. శ్రావణంలో పున్నమి దాటంగానే ఆ పిల్లకు, తన కొడుక్కు ముడి వేస్తుందట. "నిన్నేం ఎల్లగొడ్తలేం. నువ్వు పెద్దదానివి, అది సిన్నది. ఇద్దరు అక్కచెల్లెండ్ల లెక్క ఉండుండ్రి. ఐదేండ్లాయె, కడుపు పండకపాయె. నేను గూడ మనుమడ్ని ఎత్తుకోవద్దా?" అంది. పెండ్లాం ఉండగా ఇంకో పెండ్లి చేసుకోవద్దని చట్టం వచ్చిందని మేమూ విన్నాం. విన్నాక కూడా మా వాడకట్టులోనే రెండు పెండ్లాల ఇండ్లు మూడు ఉండేవి.

నేను ఆయన దిక్కు చూశాను. ఆయన మంచం మీద గోడ దిక్కు తిరిగి పండుకున్నాడు. నాకు అదే జవాబైంది. ఆ పూట పొయ్యి దగ్గర కూచుని ఒక్కదాన్నే ఏడ్చాను. పొగకు కండ్లు మండుతున్నాయని ఆ పిల్లతో అబద్ధం చెప్పాను. "జరుగక్కా, నేనూదుత" అని ఆమె గొట్టం అందుకుంది. నా మొగుడి పక్కన నా స్థలం కూడా ఇట్లాగే మెత్తగా జరగమని తీసుకుంటుంది కదా అనిపించి, గొట్టం గుంజుకున్నాను.

ఉపాయం నాకు నల్లా దగ్గర దొరికింది. డేరాలో కొత్తగా వచ్చిన సినిమాలో మళ్ళీ ఒక అన్న, ఒక చెల్లె, మధ్యన ఒక సీసా. ఆడవాళ్ళు చెప్పుకుని కండ్లు తుడుచుకుంటున్నారు. నేను బిందె కింద పెట్టేసి అట్లాగే నిలబడ్డాను. మా అత్త ఇన్ని రోజులు మొదటి రకం సినిమా పట్టుకుని ఊగుతోంది. అసలు మా ఇంట్లో జరిగింది రెండో రకం కదా! చేతికి ఎక్కించిన నెత్తురు. మరి మరదలు చెల్లె కాలేదా?

వెంటనే ఇంకో భయం పట్టుకుంది. ఈ మాట నిలబడాలంటే ఆ పిల్ల నెత్తురు ఆయన ఒంట్లో ఇంకా ఉండాలి. నేనేమో నెలన్నరగా దాన్ని తరిమేస్తున్నాను. ఆ రోజు నుంచి మూలుగ పులుసు బంద్, నువ్వుల ముద్దలు బంద్. ఆయన కంచంలో చారు, అన్నం చూసి, "ఏమే, ఏమైంది?" అన్నాడు. "బజార్ల ఏం దొరుకుతలేవు" అన్నాను. ఎవరి నెత్తురును ఒక్కొక్క చుక్కా పోవాలని కోరుకున్నానో, అది పున్నమి దాకా నిలవాలని ఇప్పుడు దేవునికి మొక్కుతున్నాను.

మా కులంలో ఒక పెద్దమనిషి ఉండేవాడు. ఊరు విడిచి బాయికి వచ్చిన నేతవాళ్ళందరికీ ఆయనే పెద్ద. శ్రావణ పున్నమిని మేం నూలి పున్నమి అంటాం. ఆ రోజు మగవాళ్ళకు కొత్త జంధ్యాలు వేసి, చేతులకు నూలు కంకణాలు కట్టేది ఆయనే. వావి వరుసల్లో చిక్కు వస్తే తేల్చేదీ ఆయనే. నేను పోయి ఆయనను మా ఇంటి వాకిట్లోకి పిలుచుకొచ్చాను. నల్లా దగ్గరి ఆడవాళ్ళు పిలవకుండానే వచ్చారు.

"పెద్దయ్యా, ఒక్క కడుపుల పుట్టినోళ్ళకు పెండ్లెందుకు జెయ్యరు?" అన్నాను.

"ఒక్కటే నెత్తురు గనుక."

"మరి గీ ఇద్దరి ఒంట్ల ఒక్కటే నెత్తురు పారుతుంది. వరుస మారిందా, మారలేదా?"

పెద్దయ్య మీసం నిమురుకున్నాడు. "గట్లైతె దోమ గిందర్ని కుట్టవట్టె. మనమందరం అన్నదమ్ములమైతమా?" అన్నాడు.

"దోమ గుంజుకపోతది పెద్దయ్యా. పోస్తదా?" అన్నాను.

ఆడవాళ్ళందరూ గొల్లున నవ్వారు. మా అత్త లేచింది. "నెత్తురిచ్చుడంటె నెత్తురు బొట్టు వెట్టినట్టే గద. గది పెండ్లే" అంది. "నుదుటికి వెట్టిందా అత్తా? చేతికెక్కిచ్చిండ్రా? గీళ్ళందరు సినిమా సూడలేదా?" అన్నాను. సూసినం, సూసినం అని వాకిలంతా ఒక్కసారే అన్నది. అంతమంది నా దిక్కు నిలబడటం నా బతుకులో అదే మొదటిసారి. నాకు ఒళ్ళు తెలియని సంతోషం.

పెద్దయ్య తేల్చేశాడు. "అనుమానం పుట్టినంక పెండ్లి జేస్తె రేపు పుట్టే పిల్లలకు వరుస దొరుకది. నూలి పున్నమి నాడు గీ పిల్లతోని గాయనకు కంకణం కట్టియ్యుండ్రి. చెల్లె కింద ఖాయం." మా అత్త కొంగు దులుపుకుని లోపలికి పోయింది. ఆ పిల్ల తలుపు పక్కన నిలబడి అంతా విన్నది. మా ఆయన లోపల మంచం మీద నుంచి విన్నాడు.

పున్నమి నాడు పొద్దున్నే పసుపులో నూలు ముంచింది నేనే. మూడు పోగులు పేని, ఆరబెట్టి, పళ్ళెంలో పెట్టి ఆ పిల్ల చేతికి ఇచ్చాను. మా ఆయన చంకకర్ర గోడకు ఆనించి పీట మీద కూచుని చెయ్యి చాపాడు. ఆమె కంకణం కట్టింది, ముడి మీద ముడి వేసింది. పెద్దయ్య, "పిలువు బిడ్డా" అన్నాడు. ఆమె తల వంచుకుని, "అన్నా" అంది. నిన్నటిదాకా బావా అన్న నోరు అది.

మా ఆయన కండ్లలో నుంచి నీళ్ళు కారాయి. తొడ ఎముక విరిగిన నాడు ఏడవని మనిషి. డాక్టరు మత్తు చాలకుండానే కుట్లు వేస్తే పండ్లు బిగబట్టుకున్న మనిషి. ఇప్పుడు ఒక నూలు పోగుకు ఏడుస్తున్నాడు.

నేను కోరుకున్నది అయింది. కానీ ఆ కన్నీళ్ళు చూశాక నా గెలుపు నాకు చేదైంది. ఆయన మనసులో ఆ పిల్ల ఉందన్నమాట. ఒంట్లో ఉన్నది నాలుగు నెలల్లో పోయేది, దాని కోసం నేను ఇంత ఆగం చేశాను. మనసులో ఉన్నది ఎన్ని నెలలకు పోతుందో ఏ నర్సమ్మను అడగాలి? ఆ పిల్ల నా దిక్కు తిరిగి, కొత్త వరుస ప్రకారం నా కాళ్ళకు వంగి, "వదినా" అంది. నేను దీవించకుండా ఖాళీ పళ్ళెం తీసుకుని లోపలికి పోయాను.

నా తెలివి ఎంత గొప్పదో తర్వాత తెలిసింది. మరదలిగా ఉంటే ఆమె మా గడప తొక్కడానికి పదిసార్లు ఆలోచించేది. ఇప్పుడు ఆడబిడ్డ. ప్రతి పండుగకూ నేనే పిలవాలి, కాళ్ళకు నీళ్ళియ్యాలి, పీట వెయ్యాలి, చీర పెట్టాలి. "ఆడబిడ్డ వచ్చింది, మర్యాద జెయ్యి" అని మా అత్త అన్నప్పుడల్లా ఆమె మొఖంలో చిన్న నవ్వు కనిపించేది. మరుసటేడు ఆ పిల్లకు నిర్మల్ లో పెండ్లి చేశారు. కొయ్యబొమ్మలు చెక్కే మనిషి, పెండ్లాం చనిపోయి ఇద్దరు పిల్లలతో ఉన్నాడు. ఇరవై దాటని పిల్లను అట్లాంటి సంబంధానికి ఎందుకిచ్చారని నేను అడగలేదు. నిర్మల్ దూరమని మాత్రం సంతోషపడ్డాను.

ఆ తర్వాతి ఏడు నా కడుపు పండింది. ఐదో నెలలో ఒక మధ్యాహ్నం నేను బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. మా ఆయన గడపలో కూచున్నాడు. కాలు కొంచెం పొట్టిదై బాయి లోపలి పని పోయింది, పైన, బాయిలోకి దిగేవాళ్ళకు దీపాలిచ్చే గదిలో వేశారు. ఆయన చేతికి ఆమె కట్టిన కంకణం రంగు వెలిసి, పోగులు లేచి ఇంకా ఉంది. నాకు ఉన్నట్టుండి కడుపు మండింది. "గది తెగుదాక ఉంచుకుంటవా? గా దినం ఏడ్సినవు గద దానికోసం" అన్నాను.

ఆయన నా దిక్కు తిరిగాడు. "ఏడ్సిన. ఎందుకేడ్సిన్నో ఎన్నడన్న అడిగినవా?" అన్నాడు.

అప్పుడు చెప్పాడు. దవాఖానలో లేచి కూచున్న మూడో రోజే తల్లికి చెప్పేశాడట, నాకు ఇంకో పెండ్లి ఒద్దు అని. ఆ పిల్లా ఒద్దన్నదట. తల్లి అరిచినన్నాళ్ళు అరుస్తుంది, తర్వాత ఊరుకుంటుంది అనుకున్నాడట. ఇంకొక సంగతి కూడా ఉంది. ఆయన షిఫ్టులోనే పనిచేసే ఒక పిలగాడు, మా కులపువాడే, దవాఖానకు చూడవచ్చి ఆ పిల్లను ఇష్టపడ్డాడు. ఆమె కూడా ఒప్పుకుంది. ఆషాఢం పోతే ఆమె తండ్రితో మాట్లాడి ముహూర్తం పెట్టిస్తానని మా ఆయన మాటిచ్చాడు. ఈ లోపల నేను వాకిట్లో పంచాయితి పెట్టాను.

"గా పిలగాని తల్లి నీ పంచాయితిల ముంగటనే కూసున్నది. ఎవని ఒంట్లనో నెత్తురు పారే పిల్ల, పదిమందిల పేరు వడ్డ పిల్ల మాకొద్దన్నది. పున్నమి ముంగటి దినమే కబురొచ్చింది. గా పిల్ల నాకు నూలు కడుతుంటె నాకు ఏడుపు రాదా?" అన్నాడు. తర్వాత మెల్లగా, "నన్నొక్క మాట అడిగితె అయిపోతుండె గదనే" అన్నాడు.

చేటలో బియ్యం నాకు కనపడలేదు. రెండేండ్లుగా ఆ కన్నీళ్ళ మీద నేను కుళ్ళి కుళ్ళి చచ్చాను. అవి ఆమె మీద ప్రేమ అనుకున్నాను. నేను చేసిన పనికి ఆయన పడ్డ సిగ్గు అని ఒక్కనాడూ తోచలేదు.

బిడ్డ అదే దవాఖానలో పుట్టింది. నర్సమ్మ నన్ను గుర్తుపట్టింది. "ఆ రక్తం ఇచ్చిన అమ్మాయి బాగుందా? ఆమెది ఎవరికైనా సరిపోయే రకం. నీకు కావాల్సి వచ్చినా పనికొచ్చేది" అంది. అంటే దేవుడు ఎవరినీ కలపలేదు, ఎవరినీ విడదీయలేదు. ఆ పిల్ల నెత్తురు ఎవరొచ్చి అడిగినా కాదనని నెత్తురు, అంతే. మంచం మీద పండుకుని నేను నవ్వాలో ఏడవాలో తెలియక గోడ దిక్కు తిరిగాను.

ఇరవై ఒకటో నాడు తొట్టెల వేశాం. బిడ్డను తొట్టెలో వేసి చెవిలో పేరు చెప్పేది మేనత్త. ఆమె నిర్మల్ నుంచి బస్సులో ఒక్కతే వచ్చింది. బిడ్డ కోసం ఎర్రరంగు కొయ్య గిలక్కాయ తెచ్చింది. చెంపలు లోపలికి పోయాయి, అరచేతులు గరుకుగా ఉన్నాయి. భోజనాలయ్యాక అందరూ వాకిట్లో ఉంటే వంటింట్లో మేమిద్దరమే మిగిలాం. నేను ఇక ఆగలేకపోయాను.

"గా పిలగాని సంగతి నాకు మొన్న మొన్న తెలిసింది" అన్నాను.

ఆమె గిన్నెలు సర్దుతూనే ఉంది. "అన్న చెప్పిండా?" అంది.

"గంత మనసుల వెట్టుకుని పంచాయితి నాడు నోరెందుకిప్పలే? తలుపు కాడనే ఉంటివి గద."

"నన్నెవరడిగిండ్రు వదినా?" అంది. ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే నాకు బాగుండేది.

నెత్తురు ఎన్నాళ్ళుంటుందని నర్సమ్మను అడిగాను. వరుస మారిందా అని పెద్దయ్యను అడిగాను. సినిమా చూశారా అని వాడకట్టునంతా అడిగాను. ఎవరి నెత్తురు ఎవరి ఒంట్లో ఉందో ఆ ఇద్దరినీ మాత్రం ఒక్క మాట అడగలేదు. తప్పయిందని ఆమెతో అనాలని నోటిదాకా వచ్చింది. ఇంతలో తొట్టెలో బిడ్డ లేచి ఏడ్చింది. నేను ఎత్తుకుంటే ఊరుకోలేదు. ఆమె చేతులు తుడుచుకుని అందుకుంది, భుజం మీద వేసుకుంది. బిడ్డ రెండు ఎక్కిళ్ళు పెట్టి ఊరుకుంది.

నాకు మళ్ళీ కడుపు మండింది. అంత జరిగాక కూడా, ఆ క్షణాన నా బిడ్డను ఆమె భుజం మీది నుంచి గుంజుకోవాలనిపించింది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని గట్టిగా పట్టుకుని కూచున్నాను.

"ఇంక నాల్గు దినాలుండి పోతవా?" అని అడిగాను. నిజంగానే అడిగాను.

ఆమె బిడ్డ వీపు నిమురుతూ వాకిలి దిక్కు చూసింది. "ఎట్లుంట వదినా? ఆడ ఇద్దరు పోరగాండ్లు ఆకలికుంటరు. రెండు గంటల బస్సుకు పోవాలె" అంది.

నేను పెట్టిన చీర సంచిలో పెట్టుకుని, బిడ్డను నా ఒళ్ళో వేసి, ఆమె బస్సుకు పోయింది.